చలికాలానికి ఇంటిని వెచ్చగా రెడీ చేసుకోవడం ఎలా: హీటర్ కొనకముందు చేయాల్సిన పనులతో మొదలుపెట్టి

చలి మొదలవగానే చాలామంది చేసే మొదటి పని హీటర్ కొనుక్కోవడం. హీటర్ కొనొద్దని నేను అనను గానీ వరుసలో అది ఐదో పనో ఆరో పనో అవ్వాలి, ఎందుకంటే ఇంట్లో పుట్టిన వేడి ఇంట్లో నిలవకపోతే ఎంత పెద్ద హీటర్ పెట్టినా చిల్లు కుండలో నీళ్లు పోసినట్టే, ఆపిన అరగంటకి మళ్లీ మొదటికొస్తుంది. అందుకే ఈ గైడ్‌లో ముందు వేడి ఎక్కడినుంచి పోతుందో పట్టుకోవడం, తర్వాత దాన్ని ఆపడం, ఆ తర్వాతే వేడి పుట్టించడం, ఆఖర్లో పడక, లైట్లు, ఇలా వెళ్దాం.

ఒక సంగతి ముందే అర్థం చేసుకుంటే మిగతాదంతా తేలిక. రూమ్‌లో థర్మామీటర్ 22 డిగ్రీలు చూపిస్తున్నా కిటికీ పక్కన కూర్చుంటే వణుకు వస్తుంది కదా, అది మీ భ్రమ కాదు. మన ఒంటి వేడి గాలిలోకి పోవడమే కాకుండా చుట్టూ ఉన్న చల్లటి గోడలకి, అద్దాలకి, నేలకి నేరుగా కిరణాల రూపంలో కూడా పోతూ ఉంటుంది. గాలి పెద్దగా కదలని గదిలో మనకి అనిపించే వెచ్చదనం దాదాపు సగం గాలిది, సగం చుట్టూ ఉన్న గోడలూ అద్దాలది. అంటే గాలి 22 డిగ్రీలున్నా గోడలు, అద్దాలు సగటున 14 దగ్గర ఉంటే మీకు 18 డిగ్రీల గదిలో ఉన్నట్టే ఉంటుంది. అందుకే గాలిని ఇంకా ఇంకా కాచడం కంటే మీ చుట్టూ కనిపించే చల్లటి వాటిని కప్పేయడం చాలాసార్లు చవక, హాయి కూడా.

మొదటి పని: గాలి ఎక్కడినుంచి దూరుతుందో పట్టుకోవడం

దీనికి బయట కాస్త గాలి వీస్తున్న, చలిగా ఉన్న సాయంత్రం మంచిది. తలుపులు, కిటికీలు అన్నీ మూసేయండి, ఫ్యాన్లు ఆపేయండి. గ్యాస్ స్టవ్, గ్యాస్ గీజర్, పొయ్యి, ఇలా మంటతో నడిచేవి ఏమున్నా ఆపేసి వంటగదిలోదో బాత్రూంలోదో ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఒకటి మాత్రం ఆన్ చేయండి. అది లోపలి గాలిని బయటికి లాగుతుంటే ఆ ఖాళీ నింపడానికి బయటి చల్లగాలి సందుల్లోంచి లోపలికి వస్తుంది, సందులన్నీ తమంతట తామే బయటపడతాయి. ఇప్పుడు ఒక అగరబత్తి వెలిగించి కిటికీ చట్రం అంచుల వెంట, తలుపు చుట్టూ నెమ్మదిగా తిప్పండి (కర్టెన్లకి దూరంగా పట్టుకోండి). పొగ నిటారుగా లేస్తే అక్కడ బాగానే ఉన్నట్టు, ఉన్నట్టుండి పక్కకి వంగితే అక్కడ సందు ఉంది. అగరబత్తి వద్దనుకుంటే చేతి వెనకవైపు తడి చేసుకుని అంచుల దగ్గర పెట్టి చూడండి, చిన్న గాలి తగిలినా చల్లగా తెలిసిపోతుంది.

ఇంకో రెండు పరీక్షలున్నాయి. చీకటి పడ్డాక ఒకరు బయట నిలబడి టార్చ్ లైట్ తలుపు అంచుల వెంట వేస్తే లోపల ఉన్నవాళ్లకి వెలుతురు గీతలా కనిపించిన చోటల్లా గాలి కూడా వస్తుంది. తెరిచి మూసే కిటికీలకి కాగితం పరీక్ష: రెక్కకీ చట్రానికీ మధ్య ఒక కాగితం పెట్టి మూసి గడియ వేయండి, లాగితే సులువుగా జారి వచ్చేస్తే ఆ కిటికీ సరిగ్గా బిగుసుకోవట్లేదని అర్థం.

అందరూ తలుపులు, కిటికీలే చూస్తారు. వీటిని కూడా వదలొద్దు: ఏసీ పైపులు గోడలోంచి వెళ్లే రంధ్రం, సింక్ కింద పైపులు బయటికెళ్లే చోటు, బయటి గోడమీదున్న స్విచ్ బోర్డులు, కేబుల్ వైర్ల కోసం వేసిన చిల్లులు, అటకమీదికి ఎక్కే మూత, ఆపేసి ఉన్న ఎగ్జాస్ట్ ఫ్యాన్ రెక్కల మధ్య ఖాళీ, వాడని పొగగొట్టం. దొరికిన ప్రతి చోటా పెన్సిల్‌తో చిన్న గుర్తు పెట్టుకుంటూ వెళ్లండి, లేదా ఫోన్‌లో ఫోటో తీసుకోండి, లేకపోతే రేపటికి సగం మర్చిపోతాం.

రెండో పని: ఆ సందులు మూయడం

కదిలే వాటికి ఒక రకం సరుకు, కదలని వాటికి ఇంకో రకం, ఈ ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు. కిటికీ రెక్క, తలుపు రెక్క లాంటివి రోజూ తెరిచి మూస్తాం కాబట్టి వాటికి వెనక జిగురున్న ఫోమ్ టేప్ గానీ రబ్బర్ స్ట్రిప్ గానీ వాడాలి. ఫోమ్ చవక, అతికించడం తేలిక, కాకపోతే రోజూ నలిగే చోట తొందరగా అణిగిపోతుంది, అందుకే ఎక్కువ తిరిగే తలుపుకి రబ్బరే మేలు. అతికించే ముందు చట్రాన్ని తడిగుడ్డతో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి, దుమ్ము మీద వేస్తే వారానికే ఊడొస్తుంది. సందు వెడల్పుకంటే కాస్త మందంగా ఉన్నది తీసుకోండి, మూసినప్పుడు అది నొక్కుకోవాలి, మరీ మందమైతే గడియ పడదు.

కదలని పగుళ్లకి, అంటే గోడకీ చట్రానికీ మధ్య వచ్చే సన్నటి చీలికకి, సిలికాన్ సీలెంటో పెయింట్ వేయగలిగే యాక్రిలిక్ సీలెంటో ట్యూబుతో పూయాలి. పైపుల చుట్టూ పెద్ద రంధ్రం ఉంటే ముందు దాన్ని ఫోమ్ ముక్కతో నింపి పైన సీలెంట్ వేయండి. వేడెక్కే పొగగొట్టాల చుట్టూ మాత్రం మామూలు ఫోమ్ వాడకూడదు, అక్కడ మంటకి తట్టుకునే సరుకే వేయాలి. స్విచ్ బోర్డుల విషయంలో ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, కరెంటు ఉన్న పెట్టెలో మనం సొంతంగా ఏదీ కూరొద్దు.

తలుపు కింది సందు అన్నిటికంటే పెద్ద దొంగ. దానికి డోర్ స్వీప్ అని కింద బిగించే బ్రష్ లేదా రబ్బర్ పట్టీ దొరుకుతుంది. అద్దె ఇల్లయి మేకులు కొట్టనివ్వకపోతే పాత ప్యాంటు కాలు ఒకటి కత్తిరించి అందులో పాత బట్టలు గట్టిగా కుక్కి రెండు చివర్లూ కుట్టేసి తలుపు కింద అడ్డంగా పెట్టుకోండి, చాలా బాగా పనిచేస్తుంది. రాత్రి బయటికి తప్పించుకోవాల్సి వస్తే కాలికి అడ్డం పడకుండా, పక్కకి తోయగానే జరిగిపోయేలా మాత్రం చూసుకోండి.

ఇక్కడ గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. గ్యాస్ స్టవ్, గ్యాస్ గీజర్, కట్టెల పొయ్యి, కిరోసిన్ హీటర్, ఇలా మంట మండే ఏ వస్తువు ఉన్న గదిలోనైనా గాలి కోసం పెట్టిన వెంటిలేటర్లని, జాలీలని ఎప్పుడూ మూయొద్దు. గాలి చాలకపోతే మంట సరిగ్గా మండక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది, దానికి రంగుండదు, వాసనుండదు, నిద్రలో ఉన్నవాళ్లు నిద్రలోనే పోతారు. మనం మూసేది అనుకోకుండా పడ్డ సందుల్నే, కావాలని పెట్టిన దారుల్ని కాదు.

మూడో పని: కిటికీలు

అద్దం పల్చగా ఉంటుంది, వేడిని ఆపడం దానికి చేతకాదు. ఒంటి అద్దం కిటికీ చదరపు మీటరుకి, లోపలికీ బయటికీ ఒక్కో డిగ్రీ తేడాకి సుమారు 5 నుంచి 6 వాట్ల వేడిని వదిలేస్తుంది, మామూలు డబుల్ గ్లేజింగ్ (రెండు అద్దాలున్న కిటికీ) అందులో దాదాపు సగం. ఆ రెండు అద్దాల మధ్య కదలకుండా ఇరుక్కున్న గాలే (ఆర్గాన్ వాయువు నింపినవీ ఉంటాయి) అసలు పని చేస్తుంది. ఇదే సూత్రం మనం చవగ్గా వాడుకోవచ్చు.

పూర్తిగా చవక పద్ధతి ప్యాకింగ్‌లో వచ్చే బబుల్ వ్రాప్. అద్దం మీద నీళ్లు స్ప్రే చేసి, బుడగల వైపు అద్దానికి ఆనేలా నొక్కితే అతుక్కుంటుంది, వెలుతురు వస్తుంది గానీ బయట ఏమీ స్పష్టంగా కనపడదు, అందుకే బాత్రూం, స్టోర్ రూమ్, మెట్ల దగ్గర కిటికీలకి సరిపోతుంది. హాల్లో కిటికీకైతే ప్లాస్టిక్ ఫిల్మ్ కిట్ బాగుంటుంది, చట్రం చుట్టూ రెండువైపులా జిగురున్న టేప్ వేసి, ఫిల్మ్ పరిచి హెయిర్ డ్రయర్‌తో వేడి చేస్తే ముడతలు పోయి బిగుసుకుంటుంది. కానీ ఇవి వేసిన కిటికీ ఆ సీజనంతా తెరవలేం కాబట్టి ప్రతి గదిలో కనీసం ఒక కిటికీ తెరిచేలా వదిలేయండి, గాలికీ కావాలి, ప్రమాదమొస్తే బయటపడటానికీ కావాలి.

కర్టెన్ల దగ్గర చాలామందికి తెలియని కిటుకు ఒకటుంది. ఎంత మందం కర్టెన్ వేసినా పైనా కిందా సందు ఉంటే లాభం సగమే, ఎందుకంటే గదిలోని వెచ్చటి గాలి పైనుంచి కర్టెన్ వెనక్కి దూరి, అద్దానికి తగిలి చల్లబడి, బరువెక్కి కింది నుంచి నేల మీదికి జారుతుంది, మీ పాదాలకి తగిలే ఆ చల్లదనం అదే. కాబట్టి కర్టెన్ కింద నేలకో కిటికీ గట్టుకో ఆనాలి, పక్కల గోడమీదికి ఒక జానెడు వరకూ రావాలి, పైన రాడ్ మీదుగా ఒక చెక్క పెట్టెలాంటిది బిగిస్తే ఇంకా మంచిది, లేదంటే రాడ్డుకీ గోడకీ మధ్య ఖాళీ మీద మడిచిన గుడ్డ పరిచినా చాలు. కొత్త కర్టెన్లు కొనలేకపోతే ఉన్నవాటి వెనక పాత దుప్పటి కుట్టేయండి. కిటికీ కింద హీటర్ ఉంటే మాత్రం కర్టెన్ దాన్ని కప్పకూడదు, వేడంతా అద్దం వైపే పోతుంది, పైగా నిప్పు ప్రమాదం.

ఇక టైమింగ్. భూమధ్యరేఖకి ఉత్తరాన ఉన్న చోట్ల చలికాలపు సూర్యుడు దక్షిణం వైపు కిందగా వాలి ఉంటాడు, అందుకని ఎండ గదిలో చాలా లోపలిదాకా వస్తుంది, భూమధ్యరేఖకి దక్షిణాన ఉన్నవాళ్లకి ఇది ఉత్తరం కిటికీలకి వర్తిస్తుంది. ఆ వైపు కర్టెన్లు పొద్దున ఎండ తగలగానే పూర్తిగా తీసేయండి, అద్దాలు తుడిచి ఉంచండి, పొద్దుగూకకముందే మూసేయండి. ఎండ తగ్గాక అరగంట ఆలస్యం చేసినా పొద్దంతా సంపాదించింది అద్దంలోంచి పోవడం మొదలవుతుంది. ఎండ అస్సలు రాని కిటికీలవి వెలుతురు అక్కర్లేనంతసేపు మూసే ఉంచొచ్చు.

నాలుగో పని: నేల, గోడ, పైకప్పు

రాయి, టైల్స్ నేల మీద కాలు పెడితే జివ్వుమంటుంది, అదే గదిలో చెక్క మీద పెడితే అంత అనిపించదు. నిజానికి రెండూ ఒకే ఉష్ణోగ్రతలో ఉంటాయి, రాయి మన పాదంలో వేడిని చాలా వేగంగా లాగేస్తుంది, అంతే తేడా. ఇల్లంతా కార్పెట్ వేయక్కర్లేదు, మంచం దిగగానే పాదం పడే చోట, కూర్చుని పనిచేసే చోట, సోఫా ముందు, ఈ మూడింటికి మందపాటి రగ్గులు వేసి కింద ఫోమ్ షీటో జారకుండా ఉండే అండర్‌లేనో పరిస్తే రోజంతా తేడా తెలుస్తుంది.

బయటి గోడ బాగా చల్లగా ఉంటే దాని ముందు పుస్తకాల అల్మారా పెట్టడం, మందపాటి గుడ్డ వేలాడదీయడం ఉపయోగమే, కానీ గోడకీ అల్మారాకీ మధ్య నాలుగైదు సెంటీమీటర్ల ఖాళీ వదలండి, లేకపోతే అక్కడ గాలి ఆడక చెమ్మ పట్టి బూజు వస్తుంది. మంచం, సోఫా కూడా బయటి గోడకి దూరంగా, లోపలి గోడవైపు జరపండి, రూపాయి ఖర్చులేదు, ఆ రాత్రే తేడా తెలుస్తుంది.

సొంత ఇల్లయి, పైన అటక గానీ వాలు కప్పు గానీ ఉండి, పెద్దగా డబ్బు పెట్టగలిగితే మొదట అక్కడే పెట్టమంటాను. వెచ్చటి గాలి పైకే పోతుంది కదా. గ్లాస్ ఊల్ (గాజు దూది) లాంటి ఇన్సులేషన్, అంటే వేడిని బయటికి పోనివ్వని పొర, పరిచేటప్పుడు చేతులకి గ్లౌజులు, ముక్కుకి మాస్క్ తప్పనిసరి, కప్పు అంచుల్లో గాలి కోసం వదిలిన దారులు మూయొద్దు.

ఐదో పని: ఇప్పుడు హీటర్

ఇంత చేశాక ఇంకా చలిగా ఉంటే అప్పుడు. మొదట ఒక అపోహ వదిలించుకుందాం: ఆయిల్ హీటర్, ఫ్యాన్ హీటర్, క్వార్ట్జ్ రాడ్ హీటర్, ఏదైనా సరే ఒక యూనిట్ కరెంటుకి ఇచ్చే వేడి ఒకటే, తక్కువ కరెంటుతో ఎక్కువ వేడి అని రాసున్న డబ్బాలని నమ్మొద్దు. 2000 వాట్ల హీటర్ ఆగకుండా 5 గంటలు నడిస్తే 10 యూనిట్లు, అది ఏ కంపెనీదైనా. తేడా ఉన్నది వేడి ఇచ్చే తీరులోనే. ఫ్యాన్ హీటర్ నిమిషాల్లో చిన్న గదిని వేడి చేస్తుంది, ఆపగానే చల్లబడుతుంది, చప్పుడు కూడా. ఆయిల్ హీటర్ నిదానంగా వేడెక్కి నిదానంగా చల్లారుతుంది, లోపలి నూనె మండదు, తిరుగుతూ ఉంటుంది అంతే, గంటల తరబడి ఒకే గదిలో ఉండేవాళ్లకి ఇది నచ్చుతుంది. రాడ్ హీటర్ గాలిని కాకుండా ఎదురుగా ఉన్న మనిషిని నేరుగా వెచ్చబెడుతుంది కాబట్టి పెద్ద హాల్లో ఒక్కరే కూర్చున్నప్పుడు గదంతా కాచే బదులు అది చాలు.

నిజంగా వేరే లెక్క హీట్ పంప్‌ది, అంటే వేడి కూడా ఇచ్చే హాట్ అండ్ కోల్డ్ ఏసీ. అది వేడి పుట్టించదు, బయటి గాలిలో ఉన్న వేడిని లోపలికి మోసుకొస్తుంది, అందుకే ఒక యూనిట్ కరెంటుకి రెండు నుంచి నాలుగు యూనిట్ల వేడి ఇవ్వగలదు, బయట మరీ చలైతే ఈ లాభం తగ్గుతుంది. ఏసీ కొనే ఆలోచన ఎలాగూ ఉంటే ఆ రకం చూడండి. ఇప్పటికే ఉంటే ఫిల్టర్ కడిగి, గాలి రెక్కలు కిందికి తిప్పి పెట్టండి, వేడిగాలి ఎలాగూ పైకి లేస్తుంది.

సీలింగ్ ఫ్యాన్‌కి రివర్స్ స్విచ్ ఉంటే చలికాలంలో కిందనుంచి చూసినప్పుడు గడియారం ముల్లు తిరిగే దిక్కులో, అన్నిటికంటే తక్కువ స్పీడులో తిప్పండి. గాలి పైకి పోయి కప్పు దగ్గర పేరుకున్న వెచ్చదనాన్ని గోడల వెంట కిందికి తోస్తుంది, కప్పు ఎత్తుగా ఉన్న గదుల్లో బాగా తెలుస్తుంది.

హీటర్ వాడకంలో జాగ్రత్తలు దయచేసి దాటేయకుండా చదవండి. చుట్టూ ఒక మీటరు లోపల కర్టెన్, దుప్పటి, కాగితం, బట్టలు ఏవీ ఉండకూడదు, దాని మీద బట్టలు ఆరేయకూడదు. 230 వోల్టుల దగ్గర 2000 వాట్ల హీటర్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది, అంత లోడు సన్నటి వైరున్న ఎక్స్‌టెన్షన్ బోర్డు తట్టుకోలేదు, వేడెక్కి కరిగి అంటుకుంటుంది, కాబట్టి ఆ లోడుకి సరిపడే గోడ సాకెట్‌కి నేరుగా పెట్టండి, ఓ అరగంట తర్వాత ప్లగ్గు ముట్టుకుని చూడండి, బాగా కాలుతుంటే ఆ సాకెట్ వాడటం ఆపేయండి. పడిపోతే తనంతట ఆగిపోయే మోడలే కొనండి. పడుకునేటప్పుడు, గదిలోంచి వెళ్లేటప్పుడు ఆపేయండి. బొగ్గుల కుంపటి మాత్రం ఏ పరిస్థితిలోనూ ఇంట్లో పెట్టొద్దు, కిటికీ కొంచెం తీసి పెట్టాం కదా అనుకున్నా సరే. నిప్పులు ఆరినట్టు కనిపిస్తున్నా కార్బన్ మోనాక్సైడ్ వస్తూనే ఉంటుంది. మంటతో నడిచేది ఏదైనా ఇంట్లో ఉంటే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి పెట్టించుకోండి.

ఆరో పని: చెమ్మ, పొడిదనం రెండూ చూసుకోవడం

ఇల్లు బిగించాక లోపలి తేమ బయటికి పోవడం తగ్గుతుంది. వంట ఆవిరి, స్నానం, ఆరేసిన బట్టలు, మన ఊపిరి, అన్నీ కలిసి అద్దాల మీద నీటిబొట్లుగా మారి మూలల్లో నల్లటి బూజు పడుతుంది. అందుకని రోజుకి రెండుసార్లు ఎదురెదురు కిటికీలు పూర్తిగా తెరిచి 5 నుంచి 10 నిమిషాలు వదిలేసి మూసేయండి. రోజంతా ఒక కిటికీ కొంచెం తీసి ఉంచడం కంటే ఇదే నయం, ఎందుకంటే గాలి మారిపోతుంది కానీ గోడలు, సామాన్లు పట్టి ఉంచిన వేడి అంత తొందరగా పోదు, మూశాక గది మళ్లీ త్వరగా వెచ్చబడుతుంది. బట్టలు ఇంట్లోనే ఆరేయాల్సి వస్తే ఒకే గదిలో ఆరేసి తలుపు మూసి అక్కడ ఎగ్జాస్ట్ వేయండి.

బయట బాగా చలిగా ఉండే చోట సమస్య తిరగబడుతుంది. 0 డిగ్రీల దగ్గర ఘనమీటరు గాలి 5 గ్రాముల లోపే నీటి ఆవిరి పట్టగలదు, 20 డిగ్రీల దగ్గర 17 గ్రాముల పైనే. అంటే బయటి చల్లగాలి లోపలికొచ్చి వేడెక్కితే దానిలో తేమ 30 శాతం లోపుకి పడిపోతుంది, పెదాలు పగలడం, గొంతు ఎండటం దాని వల్లే. ఒక చిన్న హైగ్రోమీటర్ కొనుక్కుని తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉండేలా చూసుకోండి, తక్కువైతే హ్యుమిడిఫయర్, ఎక్కువైతే కిటికీ.

పడక

రాత్రంతా గదిని కాచే బదులు పడకని వెచ్చబెట్టుకోవడం చాలా తక్కువ ఖర్చు. ఒక్క మందపాటి దుప్పటి కంటే రెండు మూడు పల్చటివి పొరలుగా వేసుకుంటే వాటి మధ్య గాలి చిక్కుకుని ఎక్కువ వెచ్చగా ఉంటుంది, అర్ధరాత్రి ఉక్కపోస్తే ఒకటి తీసేయొచ్చు. అందరూ పైన కప్పుకునేదే చూస్తారు, కింద కూడా చలి వస్తుందండీ, ముఖ్యంగా పల్చటి పరుపు అయితే. పరుపుమీద ఒక ఉన్ని దుప్పటి పరిచి దానిపై బెడ్‌షీట్ వేసి చూడండి.

హాట్ వాటర్ బ్యాగ్ వాడేవాళ్లు మరుగుతున్న నీళ్లు పోయొద్దు, మూడింట రెండు వంతులే నింపి గాలి బయటికి నొక్కి మూత బిగించండి, గుడ్డ తొడుగు లేకుండా ఒంటికి తగిలించొద్దు, రబ్బరు గట్టిపడినా పగుళ్లు కనిపించినా పారేయండి. ఎలక్ట్రిక్ బ్లాంకెట్‌ని మడతపెట్టి ఆన్ చేయకూడదు. పడుకునే ముందు వేసి పడక వేడెక్కాక ఆపేయడం మంచి అలవాటు.

లైట్లు, కూర్చునే మూల

ఇది అలంకారం అనుకుంటారు గానీ హాయి సగం ఇక్కడే ఉంది. తెల్లటి ట్యూబ్ లైట్ కింద ఎంత వెచ్చటి గదైనా ఆఫీసులా అనిపిస్తుంది. బల్బు డబ్బా మీద 2700 కెల్విన్ అని ఉన్న వెచ్చటి పసుపు కాంతి తీసుకుని, కప్పు మీద ఒకటే పెద్ద లైటు బదులు మూలల్లో రెండు మూడు చిన్న ల్యాంపులు పెట్టండి. ఇల్లంతా ఒకే రకంగా కాచక్కర్లేదు, అందరూ సాయంత్రం కూర్చునే గది ఒకటి ఎంచుకుని తలుపు మూసి దాన్ని మాత్రం వెచ్చగా ఉంచండి, కుర్చీల మీద చేతికందేలా రెండు శాలువాలు, కింద రగ్గు, వీపు వైపు లోపలి గోడ. మనిషి కూడా చిన్న హీటరే, ఊరికే కూర్చున్న ఒక్కొక్కరి ఒంట్లోంచి దాదాపు 100 వాట్ల వేడి వస్తుంది, నలుగురు ఒక గదిలో కూర్చుంటే దానికదే కొంత వెచ్చబడుతుంది.

పెద్దవాళ్లు, పసిపిల్లలు ఉన్న ఇల్లు

చలి దేశాల్లో ఇంటి లోపల 18 డిగ్రీలకి తగ్గకుండా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది, పెద్దవాళ్లకీ పిల్లలకీ దీర్ఘరోగాలు ఉన్నవాళ్లకీ ఇంకాస్త ఎక్కువ కావాల్సి రావొచ్చు. వయసు మీదపడ్డవాళ్లకి చలి తెలిసే శక్తి తగ్గుతుంది, నాకేం చలి లేదు అంటూనే ఒళ్లు చల్లబడిపోతూ ఉంటుంది, అందుకే వాళ్ల మాట మీద ఆధారపడకుండా గదిలో థర్మామీటర్ పెట్టి చూడండి. ఒంటి ఉష్ణోగ్రత 35 డిగ్రీల కంటే తగ్గితే అది హైపోథర్మియా, మాట తడబడటం, మగత, తికమక కనిపిస్తే వెంటనే డాక్టర్ సాయం తీసుకోవాలి.

ఏడాది లోపు పిల్లల విషయంలో ప్రేమ ఎక్కువై చేసే పొరపాటు మరీ కప్పేయడం. వాళ్ల పడకలో వదులు దుప్పట్లు, దిండ్లు, హాట్ వాటర్ బ్యాగ్, ఎలక్ట్రిక్ బ్లాంకెట్ ఏవీ ఉండకూడదు, ఊపిరాడకపోయే ప్రమాదం, ఒళ్లు మరీ వేడెక్కే ప్రమాదం రెండూ ఉన్నాయి. ఒంటికి సరిపోయే పొరల బట్టలు గానీ స్లీపింగ్ సాక్ (పిల్లలు పడుకునేటప్పుడు తొడిగే సంచిలాంటి బట్ట) గానీ వేసి, నిద్రపోయేటప్పుడు తలమీద టోపీ తీసేసి, మెడ వెనకో ఛాతీ మీదో చెయ్యి పెట్టి చూడండి, చెమట పడితే ఒక పొర తగ్గించాలి. చేతులు, కాళ్లు కాస్త చల్లగా ఉండటం మామూలే.

నీళ్లు గడ్డకట్టే చోట ఉంటే

బయటి గోడల వెంట, మేడమీద ఉన్న పైపులకి ఫోమ్ తొడుగులు వేయించండి. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది, పైపు పగిలేది ఆ ఒత్తిడికే. మరీ చలిగా ఉండే రాత్రుళ్లు సింక్ కింది అల్మారా తలుపులు తెరిచి ఉంచితే గదిలోని వెచ్చదనం పైపులకి తగులుతుంది, కుళాయి సన్నటి ధారగా వదిలినా మంచిదే. మెయిన్ వాల్వ్ ఎక్కడుందో ఇంట్లో అందరికీ ఇప్పుడే చూపించి పెట్టండి. గడ్డకట్టిన పైపుని కరిగించాల్సి వస్తే ముందు కుళాయి తెరిచి, కుళాయి వైపునుంచి మొదలుపెట్టి వేడినీళ్లలో ముంచిన గుడ్డలు చుట్టండి, మంట మాత్రం దగ్గరికి తీసుకెళ్లొద్దు.